మూగదీ కాదు, మొండిదీ కాదు

మొదటే చెప్పేస్తున్నాను, నాకు మాట వచ్చు. ఎప్పుడూ వచ్చు. ఏడాది నిండకముందే మాటలు మొదలుపెట్టానని, నడక సరిగా రాకముందే పక్కింటి వాళ్ళ మీద చాడీలు చెప్పానని మా అవ్వ చెప్పేది. ఇంట్లో నా నోరు మూయించలేక, దీనికి వస ఎవరు పోశారో గాని అని మా పెద్దమ్మ తల పట్టుకునేది. అట్లాంటి నన్ను చదువుకున్న పెద్దమనుషులు పరీక్షలు చేసి మూగదాన్నని తేల్చారు. అది నిజం కాదని తెలిసిన రోజు సిగ్గుపడటానికి బదులు మొండిదాన్నని తేల్చారు. ఇప్పుడు నాకు పెళ్ళయింది, పావగడ సంతలో గొంతెత్తి బేరమాడతాను, మా వీధిలో తగువు వస్తే ముందు నా గొంతే వినిపిస్తుందని పేరు కూడా ఉంది. అయినా ఆ రెండు మాటలు గుర్తుకొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాస్తే ఆ మంట కొంత చల్లారుతుందేమో. నాలాంటి బిడ్డ ఉన్న ఇంటివాళ్ళు చదివితే అంతకన్నా మేలు.

జబ్బు ఇది. గడప లోపల, నా వాళ్ళ మధ్య, నేను మామూలు పిల్లను. గడప దాటితే, లేదా కొత్త మనిషి గడప దాటి లోపలికి వస్తే, గొంతు బిగుసుకుపోయేది. మాట లేక కాదు. మాట తయారుగా ఉండేది, నాలుక దాకా వచ్చేది, అక్కడ ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయేది. మెడ బిర్రబిగిసేది, చేతులు చల్లబడేవి, ఎదురుగా ఉన్న మొహం తప్ప ఇంకేమీ కనబడేది కాదు. ఎంత గట్టిగా అడిగితే అంత గట్టిగా బిగిసేది. పెద్ద పట్నాల డాక్టర్లు దీనికి ఏదో పేరు పెట్టుకున్నారని తరువాత విన్నాను. ఆ పేరు నాకు అక్కర్లేదు. అప్పట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా చాలు.

ధాత సంవత్సరం, జ్యేష్ఠం

మాది బలసముద్రం దగ్గర ఒక పల్లె. కొంచెం మెట్టపొలం, శనక్కాయ, రాగి, నాలుగు గొర్రెలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో ఏది నోటికొస్తే అది. ఆ ఏడు మా ఊళ్ళో మైసూరు మహారాజావారి సర్కారు బడి పెట్టింది. ఆడపిల్లలు కూడా చేరితే బడికి పేరొస్తుందని హెడ్మేష్ట్రు ఇంటింటికీ తిరిగాడు. మా నాయనకు ఆయన మాట మీద గురి. నాకు కొత్త లంగా కట్టించి తీసుకుపోయి బడిలో కూర్చోబెట్టాడు.

"నిన్న హెసరేను?" అన్నాడు మేష్ట్రు. నీ పేరేమిటని. నాకు కన్నడం తెలుసు, ప్రశ్న అర్థమైంది.

ఇక్కడ మా ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. నాకు మా అవ్వ పేరు పెట్టారు, ఓబుళమ్మ. అవ్వ బతికే ఉంది, మా ఇంట్లోనే ఉంది. కోడలు అత్త పేరు నోటితో అనకూడదు. కాబట్టి మా అమ్మ నన్ను కన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా నా పేరుతో పిలవలేదు. నాయన వదిన, మా పెద్దమ్మ, ఆమెకూ అదే కట్టుబాటు. నాయన మాత్రం కన్నతల్లి పేరు పెట్టి ఎట్లా కేకేస్తాడు. అందరికీ నేను బుడ్డమ్మిని. ఒకసారి ఆటలో ఉండి అవ్వను "ఓబుళమ్మా" అని పిలిచాను. అమ్మ మూతి మీద కొట్టింది. మా ఇంట్లో అనకూడని మాట ఏదైనా ఉందంటే అది నా పేరే. మీసాల మగమనిషి ఒకడు నన్ను ఊరి పిల్లలందరి ముందు నిలబెట్టి ఆ మాటే అనమన్నాడు.

నా జబ్బుకు కారణం అదేనని నేననను. అంతకు ముందు కూడా ఎవరైనా చుట్టాలొస్తే నేను గాదె వెనక చేరేదాన్ని. కాని ఆ తరువాత నన్ను పరీక్షించిన ప్రతి పెద్దమనిషీ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాడు. దానికి జవాబు రాలేదు కాబట్టి ఇంక దేనికీ రాదని తీర్మానించుకున్నాడు. ఈ సీమలో పుట్టిపెరిగిన వాళ్ళు, ఇళ్ళల్లో తమ పెళ్ళాలు అత్తల పేర్లు పలకరని తెలిసిన వాళ్ళు, ఇంట్లో ఈ పిల్లను ఏమని పిలుస్తారని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

మేష్ట్రు నా గడ్డం కింద బద్ద పెట్టి తల పైకెత్తి, "బాయి బిడు" అన్నాడు. నోరు తెరవమని. నోరు తెరిచాను, మాట రాలేదు. పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ తరువాత అది రోజూ జరిగే తమాషా అయింది. పాఠం విసుగు పుట్టినప్పుడల్లా నన్ను లేపి నిలబెట్టి "బాయి బిడు" అనేవాడు.

సాయంత్రం ఇంటికొచ్చి నేను బడి మొత్తం ఆడి చూపేదాన్ని. మేష్ట్రు దగ్గు, పంచె ఎగదోసుకోవడం, ముక్కుతో పాఠం చదవడం, అన్నీ. అవ్వ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది. ఆయన చెప్పిన పద్యాలు, ఎక్కాలు అన్నీ ఆయన గొంతుతోనే ఒప్పజెప్పేదాన్ని. చదువు నాకు బాగానే వచ్చింది. వచ్చిందని బడిలో ఎవరికీ తెలియలేదు.

ఈశ్వర సంవత్సరం, శ్రావణం

రెండో ఏడు మేష్ట్రు మా నాయనను పిలిపించి, "మీ పిల్ల మూగది, బహుశా చెవుడు కూడా ఉండొచ్చు" అని చెప్పాడు. నాయన ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే నేను అవ్వ పక్కన కూర్చుని వేయించిన శనక్కాయలు తింటూ, వాటిలో ఉప్పు ఎక్కువైందని వాదిస్తున్నాను. నాయన నన్ను చూశాడు, అమ్మను చూశాడు.

"ఇది మూగదంట" అన్నాడు.

"దీన్నా?" అంది పెద్దమ్మ. "ఒక్క పూట మూగదైతే నేను కొబ్బరికాయ కొడతాను."

నాయన నవ్వలేదు. "ఇంట్లో ఎంత మాట్లాడినా ఏం లాభం వదినా. ఊళ్ళో పలకకపోతే ఊరికి మూగదే కదా. రేపు దీన్ని ఎవురన్నా చేసుకోవల్ల, ఇది నలుగురిలో తిరగల్ల. నన్ను చూసి నవ్వుతాండారు."

అక్కడి నుంచి వైద్యం మొదలైంది. గుడి గంటను వెల్లకిలా తిప్పి దానిలో నీళ్ళు పోసి తాగించారు. వస అరగదీసి తేనెతో నాలుక మీద రాశారు. నాలుక మండి రెండు పూటలు కూడు తినలేకపోయాను. చుట్టం ఒకడు వచ్చి, నాలుక కింద సన్నగా వాత పెట్టే మనిషి పక్క ఊళ్ళో ఉన్నాడని, తమ ఎరుకలో ఒక పిల్లోడికి అట్లాగే మాటొచ్చిందని చెప్పాడు. నాయన ఊఁ కొడుతున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. అంతవరకు మగవాళ్ళ మాటల్లో నోరు పెట్టని మనిషి.

"వాత పెట్టల్లంటే నాకు పెట్టండి" అంది. "మాటలు ఎక్కువైండేది నాకే."

వాత మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాని ఇంట్లో ఒక చీలిక వచ్చింది. అమ్మా నాయనా నా గురించే పోట్లాడేవాళ్ళు, నేను వింటుండగానే. నాకు చెవుడని మేష్ట్రు అన్న మాటను అందరూ అబద్ధమని అన్నారు గాని, నా ముందు మాట్లాడేటప్పుడు మాత్రం నేను చెవిటిదాన్నన్నట్టే మాట్లాడారు.

ఈశ్వర, కార్తీకం

శనక్కాయ పీకే పని నెత్తిమీద ఉండగా నాయన నన్ను, అమ్మను తుమకూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. మధుగిరి మీదుగా బస్సు. ఆ బస్సులో అమ్మ కక్కుకుంటూ వచ్చింది, నేను కిటికీలో చూస్తూ వచ్చాను. ఆసుపత్రి వరండాలో పొద్దున కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నాయన మాటిమాటికీ లేచి ఆకాశం చూసేవాడు. వాన పడితే పీకిన కాయ పొలంలోనే మొలకెత్తుతుంది. నా మీద కోపం రావడం ఆయన తప్పు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, ఆ వాన నా వల్లే పడుతుందేమోనని భయపడ్డాను.

వరండాలో జనం. నాకు ఒంటికి పోవాల్సి వచ్చింది. ఎంతోసేపు ఓర్చుకుని, ఇంక ఆగలేక అమ్మ చెవి దగ్గరికి పోయి గొణిగాను. మా వెనకే తెల్లచీర కట్టుకున్న నర్సమ్మ ఒకామె నిలబడి ఉంది. కోలారు పక్క మనిషి, తెలుగు వచ్చు. ఆమె విన్నది. నన్ను ఏమీ అడగలేదు, నా మొహంలోకి చూడలేదు కూడా. "ఇట్ల రాండి" అని అమ్మతో చెప్పి, పెద్ద ఉద్యోగస్తులు పోయే దొడ్డికి తీసుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ చేతిలో ఒక బన్ను ముక్క పెట్టి, "పాపకు ఆకలి అయింటుంది" అంది. ఆ రెండేళ్ళలో నన్ను ఏమీ అడగకుండా నాకు ఏదైనా ఇచ్చిన బయటి మనిషి ఆమె ఒక్కతే.

లోపల డాక్టరు ఉన్నాడు. కోటు, కళ్ళద్దాలు. "నిన్న హెసరేను?" అన్నాడు. ఆ ప్రశ్న మళ్ళీ. నా వెనక నిలబడి గంట కొట్టాడు. తిరిగి చూశాను. చెవి బాగానే ఉందని అన్నాడు. చెంచా కాడతో నాలుక అదిమి చూశాడు, ఓకరింత వచ్చింది. తరువాత నా చేయి పట్టుకుని, నాకు కనబడకుండా సూదితో పొడిచాడు. నొప్పికి అమ్మా అంటుందేమో చూద్దామని. నేను అనలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, మాట మాత్రం రాలేదు. ఇంకోసారి పొడిచాడు. అమ్మ నా చేయి లాక్కుంది.

నర్సమ్మ తలుపు దగ్గర నుంచి, "ఈ పాప మాట్లాడుతుంది, బయట నేను విన్నాను" అని కన్నడంలో చెప్పింది.

"నువ్వు విన్నది తల్లి గొంతు అయి ఉంటుంది" అన్నాడు డాక్టరు.

"ఇంట్లో బాగా మాట్లాడతాది సామీ" అంది అమ్మ.

"తల్లులందరూ అట్లాగే చెబుతారు" అని ఆయన నాయన వైపు తిరిగాడు. మూగపిల్లలకు మైసూరులో బడి ఉంది, అక్కడే ఉంచుకుని తిండీ బట్టా ఇస్తారు, చేతిపని నేర్పుతారు, తాను చెబితే చేర్చుకుంటారు, ఇక్కడ ఉంచి పాడుచేయకండి అన్నాడు.

నాకు మాట వచ్చని చెప్పిన వాళ్ళు ఇద్దరూ ఆడవాళ్ళు. ఇద్దరూ తమ చెవులతో విన్నవాళ్ళు. నా మాట ఒక్కటి కూడా వినని మనిషి మాట నెగ్గింది. నోట్లో చెంచా పెట్టి, చేతిలో సూది గుచ్చి, అమ్మ అని పిలవమని ఎదురుచూస్తే ఏ బిడ్డ పిలుస్తుంది? నా గొంతుకు ఏం జబ్బో తెలియకపోతే తెలియదని అనొచ్చు. ఆ మాట ఆయన నోట రాలేదు. ఆ విషయంలో ఆయనే మూగ.

ఈశ్వర, పుష్యం

మైసూరు మాట విన్నప్పటి నుంచి నాకు నిద్రలో ఉలికిపాట్లు. నేను మాట్లాడగలిగేది ఈ భూమి మీద ఒక్క ఇంట్లోనే. ఆ ఇంటి నుంచే నన్ను తీసుకుపోతారట, మాట నేర్పడానికి. నాయన మాత్రం మెత్తబడ్డాడు. రాజుగారి బడి, కూడు గుడ్డ వాళ్ళే చూసుకుంటారు, పని నేర్చుకుంటుంది అని అవ్వకు నచ్చజెబుతున్నాడు. అమ్మ నాయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టి అవతలికి పోయేది, పిలిస్తే పలికేది కాదు. అలిగింది అన్నారు అందరూ. నాయన బతిమాలాడు, పెద్దమ్మ రాయబారం నడిపింది. అమ్మ నోరు మూస్తే అలక, నేను మూస్తే రోగం. ఆ వయసులోనే నాకు అది అన్యాయమని తోచింది.

అప్పుడే బడికి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. ఆ రోజు నన్ను బడికి రావద్దని మేష్ట్రు ముందే చెప్పి పంపాడు. అమ్మ తల మీద కొంగు కప్పుకుని తానే బడికి పోయింది. తలుపు చాటున నిలబడి ఇన్‌స్పెక్టరుతో మాట్లాడింది. ఏమందో పెద్దమ్మ తరువాత చెప్పింది.

"సామీ, నా బిడ్డను మూగదంటాండారు. మీ గదుల్లోకి పిలిచి అడిగితే అది పలకదు. మా ఇంటికొచ్చి వినండి. లోపలికి రావద్దు. అరుగు మీద కూర్చుని వినండి, అంతే."

మేష్ట్రు కసిరాడట. ఇన్‌స్పెక్టరు మాత్రం కొంచెం తమాషా మనిషి. సరే పదండి అన్నాడు.

మధ్యాహ్నం. మేము లోపల శనక్కాయ రాశి చుట్టూ కూర్చుని కాయలు ఒలుస్తున్నాం, అవ్వ, పెద్దమ్మ, నేను. కాయలు ఒలిచేటప్పుడు అందరి చూపూ చేతుల మీదే ఉంటుంది, ఎవరూ ఎవరి మొహం చూడరు. నా నోరు అన్నిటికన్నా బాగా ఆడేది ఆ పని దగ్గరే. అమ్మ బయటి నుంచి వచ్చి కూర్చుంది. చేటలో కాయలు పోసుకుని, ఏమీ ఎరగనట్టు, "మీ మేష్ట్రు ఏమన్నాడే నిన్న?" అంది.

ఇంక చెప్పాలా. లేచి నిలబడి, గోనెపట్టా నడుముకు చుట్టుకుని పంచెలా ఎగదోసుకుని మొదలుపెట్టాను. మేష్ట్రు గొంతుతో, ముక్కుతో, దగ్గుతో, కన్నడంలో. "ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, అందరూ తలకు నూనె రాసుకుని రండి. మామిడిపండ్ల లెక్క అడుగుతాడు, జవాబు పన్నెండు. ఎట్లా వచ్చిందని అడిగితే పైకి చూస్తూ నిలబడండి. పద్యం అడిగితే ముందు వరసవాళ్ళు చెబుతారు, వెనక వరస పెదాలు ఆడించండి." ఆ పద్యం కూడా మొత్తం అప్పజెప్పాను. పదమూడో ఎక్కం చెప్పాను. ఎక్కం మధ్యలో మేష్ట్రు నశ్యం పీల్చి తుమ్మడం కూడా చేసి చూపాను. అవ్వ పొట్ట పట్టుకుంది.

బయట అరుగు మీద ఎవరో పెద్దగా నవ్వారు.

తలుపులో వెలుతురు ఆగింది. ఇన్‌స్పెక్టరు వంగి లోపలికి వచ్చాడు, బూట్లతోనే, రెండు చేతులూ చాపి నవ్వుతూ. వెనక మేష్ట్రు, మొహం మాడిపోయి. "భేష్ భేష్" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నిన్న హెసరేను?"

నేను గోనెపట్టాతో అట్లాగే నిలబడిపోయాను. అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వుతోంది. గెలిచిన సంతోషం ఆ మొహంలో. అప్పుడు నాకు తెలిసింది, ఇది అమ్మ చేసిన పని అని, అంతసేపూ వాళ్ళు అరుగు మీద ఉన్నారని, అమ్మకు తెలుసని.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. ఈ పిల్ల మూగది కాదు, మైసూరు మాట ఎత్తవద్దు అని అక్కడికక్కడే చెప్పేశాడు. లోపలికి రావద్దన్న ఒక్క మాట మాత్రం పాటించలేకపోయాడు. తెలుసుకోవాల్సింది తెలిసింది, లేచి పోయి ఉండొచ్చు. కాని తాను విన్నానని నాకు తెలియకపోతే ఆయన సంతోషం తీరదు. ఆ మంచితనంతోనే నాకున్న ఒక్క ఇంటిని లేకుండా చేశాడు.

మేష్ట్రు మరునాడు నన్ను బడిలో మోకాళ్ళ మీద నిలబెట్టాడు. "ఇన్నాళ్ళూ మొండితనం చేసి నన్ను మోసం చేసింది" అన్నాడు. తానే కట్టిన మూగ అన్న పేరు పీకేసి మొండి అన్న పేరు కట్టడానికి ఒక్క రాత్రి చాలింది ఆయనకు. నాయన నన్ను బడి మానిపించాడు. మానిపించిన తరువాత కూడా ఏమీ బాగుపడలేదు. ఎందుకంటే నేను ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాను.

మానేశాను అంటే నేను తలచుకుని చేసినట్టు ఉంటుంది. అది తప్పు. నోరు తెరిస్తే అరుగు మీద ఎవరో ఉన్నారనిపించేది. తలుపు తీసి చూసేదాన్ని, ఎవరూ ఉండరు. మళ్ళీ కూర్చునేదాన్ని, మళ్ళీ ఉన్నారనిపించేది. బడిలో బిగిసే గొంతు ఇప్పుడు పొయ్యి దగ్గరా, పక్క మీదా బిగిసింది. అవ్వతో రాలేదు, పెద్దమ్మతో రాలేదు. అమ్మతో అసలు రాలేదు. అమ్మ నవ్విన మొహం కళ్ళ ముందు నుంచి పోలేదు.

బహుధాన్య సంవత్సరం, ఉగాది మొదలు

అవన్నీ చెడ్డ నెలలు. పెద్దమ్మ గిల్లి చూసింది. అవ్వ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, "నా పేరు పెట్టుకున్నావు, నా నోరు పెట్టుకోలేదా తల్లీ" అని ఏడ్చింది. అమ్మ నా చేతులు పట్టుకుని అడిగింది, బతిమాలింది, ఒకసారి రెండు చెంపలూ వాయించింది. కొట్టి తానే ఏడ్చింది. అడిగిన ప్రతిసారీ నేను ఇంకొంచెం లోపలికి పోయాను. ఇప్పుడు నిజంగానే మూగదైంది అన్నారు ఊళ్ళో. అంటే అంతకు ముందు అన్నది అబద్ధమని వాళ్ళకు తెలుసునన్న మాట. ఆ సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

నాయన ఒక రోజు అరుగు మీద కూర్చుని మెల్లగా అన్నాడు, "విత్తనం అయినాక మైసూరు పోదాం. ఇంక ఎట్ల ఉంచుకునేది?"

ఆ రోజు అమ్మ అలగలేదు, అరవలేదు. లోపలికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి, "ఇంక దాన్నెవురూ ఏమీ అడగొద్దండి. పేరు అడగొద్దు, ఆకలా అని కూడా అడగొద్దు" అంది. అప్పటి నుంచి తాను కూడా అడగలేదు. నా ముందు కూర్చుని పనిచేసుకుంటూ తన పాటికి తాను చెప్పుకుపోయేది. చింతపండులో ఈ ఏడు గింజలు ఎక్కువున్నాయని, ఎర్ర ఎద్దు కుంటుతోందని, వై.ఎన్.హొసకోట నుంచి తన చెల్లెలు కబురు పంపిందని. నా వైపు చూడదు, జవాబుకు ఆగదు. మొదట్లో నాకు అది కూడా ఒక ఎత్తు అనిపించింది. తలుపు తీసి అరుగు చూసి వచ్చేదాన్ని. అమ్మ నన్ను ఆపలేదు. నేను లేస్తే తానే లేచి తలుపు బార్లా తెరిచి పెట్టేది.

నాలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే, నేను చెప్పగలిగింది ఇంతే. బిడ్డకు మాట ఉందో లేదో తెలుసుకోవాలంటే దాని మాట ఎక్కడ ఉందో అక్కడికి పోయి వినండి. కాని విన్నానని దొంగను పట్టినట్టు పట్టుకోకండి. దానికి చెప్పకుండా వినకండి. తెలుసుకోవడం మీకు ముఖ్యమే, దాని మాట మాత్రం దాని సొత్తు. నన్ను పరీక్షించిన వాళ్ళెవరూ ఇది ఆలోచించలేదు. ప్రేమతో చేసిన మా అమ్మ కూడా ఆలోచించలేదు. బయటి మనుషులతో మాట రావడానికి నాకు ఆ తరువాత చాలా ఏళ్ళు పట్టింది. ముందు పక్కింటి పిల్ల ఒకతె, తరువాత వాళ్ళమ్మ, అట్లా ఒక్కొక్కరు. ఎవరి దగ్గర ముందు, ఎవరి దగ్గర తరువాత అన్నది నేనే నిర్ణయించుకున్నాను.

బహుధాన్య, ఆషాఢం

వాన పడింది. నేల పదునైంది. మైసూరు పోయే రోజు దగ్గరికొచ్చిందని అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట అనడం లేదు. శనక్కాయ విత్తడానికి పొలం పోయాం. ముందు నాయన మడక దున్నుతూ పోతున్నాడు. ఆ సాలులో ఒడి నుంచి గింజలు జారవిడుస్తూ అమ్మ. అమ్మ వెనక నేను, గంపలో గింజలు పెట్టుకుని, ఒడి ఖాళీ అయినప్పుడు పోయడానికి. ఒకరి వెనక ఒకరం. నాకు కనబడేది అమ్మ వీపు, ముందు నాయన వీపు, అంతకు ముందు ఎద్దుల వీపులు. చుట్టూ ఎక్కడా ఒక్క గోడ లేదు, తలుపు లేదు, అరుగు లేదు. ఎవరైనా చాటుగా వినాలంటే చాటే లేదు.

సాలు సగం పోయాక నా నోట్లో నుంచి వచ్చింది. నేను రమ్మనలేదు, వచ్చింది.

"నాకు చెప్పకుండా వాణ్ని ఎందుకు తెచ్చినావు?"

గొంతు నాది కాదన్నట్టు గరగరమంది. అమ్మ చేయి ఆగింది. వేళ్ళ మధ్య గింజలు అట్లాగే ఉన్నాయి.  ఇప్పుడు తిరుగుతుంది, నవ్వుతుంది, నాయనను కేకేస్తుంది, నన్ను ఎత్తుకుంటుంది, అందరికీ చెబుతుంది. అది జరిగితే ఇంక ఎప్పటికీ నోరు తెరవనని నాకు అప్పుడే తెలిసింది.

అమ్మ తిరగలేదు. గింజ వేసింది, అడుగు వేసింది.

"తప్పు చేసినానమ్మీ" అంది, ముందుకు చూస్తూనే.

"నువ్వు నవ్వినావు."

"నవ్వినాను."

"వాడు బూట్లేసుకుని లోపలికొచ్చినాడు. నేను గోనెపట్టా కట్టుకొనుండాను. వాడు నన్ను కోతిని చూసినట్టు చూసినాడు. మీరంతా చూస్తాండారు. ఒక్కరూ పో అనలేదు. అవ్వ అనలేదు. నువ్వు అనలేదు. మేష్ట్రు నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టినాడు, నువ్వు రాలేదు. సూదితో పొడిచినప్పుడు రెండోసారి దాకా నువ్వు చేయి లాగలేదు."

ఎంత మాట్లాడానో నాకే తెలియదు. అన్ని నెలలుగా నాలుక దగ్గర ఆగిన మాటలన్నీ వచ్చాయి, అన్నీ తిట్లే. మా అమ్మను అన్ని మాటలు నేను మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ముందు నాయనకు కూడా వినబడుతోంది. ఎద్దులను అదిలించడం మానేసి మడకను మెల్లగా నడిపిస్తున్నాడు. ఆయన కూడా తిరగలేదు.

సాలు చివరికి వచ్చాం. అక్కడ మడక తిరగాలి, అమ్మ తిరగాలి, తిరిగితే ఎదురుగా నేనే. నా మాట ఆగిపోయింది. 

అమ్మ పైట కొంగు మొహం మీదికి పూర్తిగా లాక్కుంది. అట్లాగే, కాళ్ళతో నేల తడుముకుంటూ తిరిగి, నన్ను చూడకుండా నా పక్క నుంచి దాటి పోయి, కొత్త సాలులో నాకు వీపు పెట్టి నిలబడింది. ఒడి సరిచేసుకుంది.

"చెప్పు తల్లీ, వింటాండాను" అంది.